బొగ్గు పట్టాల మీద క్రిస్మస్ తాత

రాత్రి పదకొండు దాటాక మా బాపు దగ్గర్నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. నిడివి 1 నిమిషం 52 సెకన్లు. మా బాపుకి ఇది రికార్డే. ఫోన్ చేస్తే "ఆ, చెప్పు" అంటాడు, విషయం అయిపోగానే పెట్టేస్తాడు. అలాంటి మనిషి దాదాపు రెండు నిమిషాలు ఫోన్‌లో ఏం చెప్పి ఉంటాడా అనుకుంటూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

ఆయన చెప్పలేదు, పాడాడు.

తప్పు నాదే లెండి. ప్రతి డిసెంబరులో మా ఫ్యామిలీ గ్రూపు కోసం ఒక వీడియో చేస్తాను. పాత ఫొటోలు, పిల్లల డ్యాన్సులు, వెనక ఏదో ఒక క్రిస్మస్ పాట. ఈసారి ఆ పాట నువ్వే పాడి పంపమని బాపుని నేనే అడిగాను. ఆయన 'సైలెంట్ నైట్'ని మా చర్చిలో పాడుకునే తెలుగు మాటల్లో పాడాడు. గొంతులో మా కోల్‌బెల్ట్ యాస అలాగే ఉంది. రెండో చరణం మధ్యలో దగ్గొచ్చింది. చిన్న దగ్గు కాదు, ఆరు సెకన్లు. తగ్గాక ఏ మాట దగ్గర ఆగాడో అక్కణ్నుంచే మళ్లీ అందుకున్నాడు. మా బాపు ముప్పయ్యేళ్లు బొగ్గుబాయిలోకి దిగి ఎక్కిన మనిషి.

ఎడిటింగ్ యాప్ తెరిచాను. మీ ఫోన్‌లోనూ ఉంటుంది అలాంటిది. ఒక బటన్ నొక్కితే వెనక శబ్దాలు పోతాయి. ఇంకోటి నొక్కితే గొంతు నున్నగా అయిపోతుంది. సరదాకి రెండూ నొక్కి విన్నాను. దగ్గు పోయింది. దగ్గుతోపాటు బాపు కూడా ఎటో పోయాడు. ఎవరో పరాయి మనిషి మా పాట పాడుతున్నట్టుంది. రెండూ వెనక్కి తీసేశాను.

ఏం చేయాలో తోచక ఫోన్‌లో క్రిస్మస్ పాటలు వెతుకుతూ కూర్చున్నాను. ఆ వెతుకులాటలో దొరికిన ఒక ఆల్బమ్ గురించే ఈ వారం కాలమ్.

ఎవరీ ప్యాటీ?

ఆల్బమ్ పేరు 'బ్లూగ్రాస్ అండ్ వైట్ స్నో: ఎ మౌంటెన్ క్రిస్మస్'. 2002లో వచ్చింది. పాడినామె ప్యాటీ లవ్‌లెస్, అమెరికన్ కంట్రీ గాయని. పేరు వినలేదంటారా? ఫర్లేదు. మన దగ్గర కంట్రీ అంటే టేలర్ స్విఫ్ట్ మొదటి ఆల్బమ్‌ల దగ్గరే ఆగిపోయినవాళ్లం ఎక్కువ మందిమి.

ప్యాటీ 1957లో కెంటకీ రాష్ట్రంలోని పైక్‌విల్‌లో పుట్టింది. ఇంటిపేరు రేమీ. ఏడుగురు పిల్లల్లో ఆరోది. చిన్నతనం ఎల్క్‌హార్న్ సిటీలో గడిచింది. పేరు చివర సిటీ అని ఉంది కానీ అది అపలాచియన్ కొండల మధ్య చిన్న ఊరు. ఆ కొండల కింద బొగ్గు. వాళ్ల నాన్న బొగ్గు గని కార్మికుడు.

ఇది చదవగానే నేను మళ్లీ మొదటి పాట దగ్గరికెళ్లి ఇంకోసారి విన్నాను. ఎందుకో మీకర్థమయ్యే ఉంటుంది.

ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీలిస్తే అది ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుంది. ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు. దాన్ని అక్కడివాళ్లు 'బ్లాక్ లంగ్' అంటారు. ప్యాటీ వాళ్ల నాన్నకి వచ్చింది అదే. ఆయన వైద్యం కోసం 1969లో కుటుంబమంతా కొండ దిగి లూయివిల్ నగరానికి వెళ్లిపోయింది. అప్పటికి ప్యాటీకి పన్నెండేళ్లు. సరిగ్గా ఆ ఏడాది డిసెంబరు చివర్లోనే అమెరికాలో బొగ్గు గనుల ఆరోగ్య, భద్రత చట్టం వచ్చింది. గనిలో గాలిలో దుమ్ము ఎంతకు మించకూడదో, బ్లాక్ లంగ్ బాధితులకు పరిహారం ఎలా ఇవ్వాలో అందులో రాశారు. ఆ చట్టం ఊరికే రాలేదు. అంతకు ముందు ఏడాది వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ గనిలో పేలుడు జరిగి 78 మంది చనిపోయారు. ప్యాటీ వాళ్ల నాన్న 1979లో కన్నుమూశాడు.

ఆమె సంగీత ప్రయాణం కూడా తిన్నగా సాగలేదు. టీనేజ్‌లోనే అన్న రోజర్‌తో కలిసి కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్ వెళ్లింది. పెళ్లయ్యాక నార్త్ కరొలైనాకి మారి అక్కడి క్లబ్బుల్లో కొన్నేళ్లు రాక్ పాటలు పాడింది. మొదటి భర్త ఇంటిపేరు లవ్‌లేస్. దాన్నే కాస్త మార్చి లవ్‌లెస్ చేసుకుంది. 1985లో మళ్లీ నాష్‌విల్ చేరింది. హిట్లు మొదలయ్యాయి. అంతా బాగుందనుకుంటుండగా 1992లో గొంతు దెబ్బతింది. స్వరతంత్రులకు సర్జరీ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్ని వారాలు మౌనం. గాయనికి అంతకంటే భయపెట్టే రోజులుంటాయా? తిరిగొచ్చి పాడిన 1993 ఆల్బమ్ హిట్టు. 1996లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆమెను ఉత్తమ గాయనిగా ఎంచుకుంది. 2023లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది.

అయితే మన కథకి ముఖ్యమైన ఏడాది 2001. అప్పటిదాకా ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్‌తో పాడిన ఆమె, వాటన్నిటినీ పక్కనపెట్టి 'మౌంటెన్ సోల్' అనే ఆల్బమ్ చేసింది. చిన్నప్పుడు కొండల్లో విన్న సంగీతం అది. ఆ మరుసటి ఏడాదే అదే వాద్యాలతో, అదే గొంతుతో క్రిస్మస్ ఆల్బమ్. రెండింటికీ నిర్మాత ఆమె భర్త ఎమరీ గోర్డీ జూనియర్. ఎల్విస్ ప్రెస్లీ దగ్గర, ఎమ్మీలూ హ్యారిస్ దగ్గర బేస్ గిటార్ వాయించిన మనిషి.

డ్రమ్స్ లేకపోతే తాళమెవరు వేస్తారు?

ఆల్బమ్ పేరులోని బ్లూగ్రాస్ అంటే నీలిగడ్డి కాదు. అంటే, గడ్డి కూడా ఉంది లెండి. కెంటకీకి 'బ్లూగ్రాస్ స్టేట్' అని ముద్దుపేరు. ఆ రాష్ట్రంలోనే పుట్టిన బిల్ మన్రో తన బృందానికి బ్లూగ్రాస్ బాయ్స్ అని పేరు పెట్టుకున్నాడు. 1940ల్లో ఆ బృందం వాయించిన పద్ధతికే చివరికి ఆ పేరు స్థిరపడింది.

బాంజో, మాండొలిన్, ఫిడిల్, గిటార్, నిలబెట్టి వాయించే పెద్ద బేస్. మామూలుగా ఇంతే. డ్రమ్స్ ఉండవు. మరి తాళం? ఆ పని మాండొలిన్ చేస్తుంది. మాండొలిన్ అనగానే మనకు పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ వాయించిన కర్ణాటక కీర్తనలు గుర్తొస్తాయి. ఇక్కడ అదే వాద్యం వేరే అవతారం ఎత్తుతుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య తీగల్ని టక్కున కొట్టి, వెంటనే వేళ్లతో మోత ఆపేస్తారు. 'టక్, టక్' అని పొడిగా వినిపిస్తుంది. అదే వాళ్ల డ్రమ్. ఇయర్‌ఫోన్స్‌లో వింటే ఇట్టే దొరుకుతుంది.

ఇక గొంతు. పైస్థాయిలో, కాస్త ముక్కులోంచి, ఒంటరి మనిషి కొండ మీద నిలబడి పిలుస్తున్నట్టు పాడటాన్ని బ్లూగ్రాస్ వాళ్లు 'హై లోన్‌సమ్' అంటారు. ప్యాటీకి అది నేర్చుకుంటే వచ్చింది కాదు. పదాల్ని సాగదీసే చోట, చివర్లు విరిచే చోట కెంటకీ కొండల యాస దాగదు. ఆమె దాచాలనుకోలేదు కూడా.

'పాత పాట' అంటే ఎంత పాతది?

క్రిస్మస్ పాటల్ని మనం 'ట్రెడిషనల్' అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు. వెనక్కి తవ్వుకుంటూ వెళితే ప్రతి పాటకీ ఒక ఊరు, ఒక మనిషి, ఒక అవసరం కనిపిస్తాయి.

'సైలెంట్ నైట్' తీసుకోండి. జోసెఫ్ మోర్ అనే కుర్ర ఫాదర్ 1816లో రాసుకున్న కవిత అది. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్ అనే ఊళ్లో ఆయన అడిగితే ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు బాణీ కట్టాడు. ఆ రాత్రే చర్చిలో ఇద్దరూ కలిసి పాడారు. వాద్యం ఏంటో తెలుసా? గిటార్. ఇవాళ ఈ పాటని వంద వయొలిన్లతో, పెద్ద కోరస్‌తో రికార్డు చేస్తారు. పుట్టినప్పుడు మాత్రం దానికి దిక్కు రెండు గొంతులు, ఒక గిటార్. అంచేత కొండ ఊరి గాయని తీగవాద్యాలతో దీన్ని పాడితే అది ప్రయోగం ఏమీ కాదు. పాట పుట్టింటికి వచ్చినట్టు.

'జాయ్ టు ద వరల్డ్' మాటలు ఇంగ్లండ్‌లో ఐజాక్ వాట్స్ 1719లో అచ్చువేసినవి. బైబిల్లోని 98వ కీర్తన ఆధారంగా రాశాడు. క్రిస్మస్ కోసం రాసిందే కాదు. మనకు తెలిసిన బాణీని అమెరికాలో లోవెల్ మేసన్ 1830ల్లో కూర్చాడు. అంటే మాటలు, బాణీ కలవడానికి వందేళ్లకు పైనే పట్టింది. 'అవే ఇన్ ఎ మేంజర్' అయితే ఇంకో రకం. అది మార్టిన్ లూథర్ రాసిందని చాలాకాలం నమ్మారు. తీరా చూస్తే 1880ల్లో అమెరికాలో పుట్టింది. పాతదనిపించుకోవాలంటే పెద్దాయన పేరు తగిలించడం మనకొక్కళ్లకే ఉన్న అలవాటు కాదన్నమాట.

కొండ ప్రాంతాల వాళ్లు తమవి అనుకునే క్రిస్మస్ పాటల కథలు ఇంకా బాగుంటాయి. 'క్రిస్మస్ టైమ్స్ ఎ-కమిన్' ఉంది కదా, ఇంటికెళ్లే తొందరంతా నింపుకున్న హుషారు పాట. బిల్ మన్రో 1951లో రికార్డు చేశాడు. రాసింది టెక్స్ లోగన్. ఆయన ఫిడిల్ వాయించేవాడు. ఆయన ఉద్యోగం? ప్రఖ్యాత బెల్ ల్యాబ్స్‌లో. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ చేసిన మనిషి. ఇంజినీరింగ్ చదివి గిటార్ పట్టుకున్నానని ఇంట్లో తిట్లు తింటున్నవాళ్లు ఈ పేరా స్క్రీన్‌షాట్ తీసుకుని అమ్మకి పంపండి.

'బ్యూటిఫుల్ స్టార్ ఆఫ్ బెత్లెహెమ్' రాసింది టెన్నెసీలో ఒక పాడిరైతు, ఫిషర్ బోయ్స్. ఇంట్లో పిల్లల గోలకి రాయడం కుదరక గొడ్లసావిట్లోకి వెళ్లి కూర్చుని రాశాడని వాళ్ల కుటుంబం చెప్పుకుంటుంది. 1940లో అచ్చయింది. ఏసు పుట్టిన పశువుల పాక గురించి లోకమంతా పాడుకుంటుంది. ఈయన అలాంటి పాకలోనే కూర్చుని ఆ నక్షత్రం గురించి రాశాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సంప్రదాయం పేరుతో పాటను ముట్టుకోకూడని వస్తువుగా చేసేస్తాం. నిజానికి ఆ పాటలు రాసినవాళ్లు తమకు అందిన వాద్యంతో, తమ ఊరి మాటతో, తమ పనిపాటల మధ్యలో రాశారు. ప్యాటీ ఈ ఆల్బమ్‌లో చేసింది కూడా అంతే. కొత్త హంగులు పెట్టలేదు. అందరి పాటనే తన ఊరి గొంతుతో పాడింది.

బొగ్గు పోయే దారిలో బొమ్మలు

ఈ ఆల్బమ్‌లో నన్ను పట్టి ఆపింది మాత్రం పాత పాట కాదు. ప్యాటీ, భర్తతో కలిసి రాసుకున్న 'శాంటా ట్రైన్'. పైకి పిల్లల పాటలా పరిగెడుతుంది. నేనూ అలాగే అనుకున్నాను. అది నిజం రైలని తర్వాత తెలిసింది.

1943 నుంచి నడుస్తోంది ఆ రైలు. టెన్నెసీలోని కింగ్స్‌పోర్ట్ పట్టణపు వ్యాపారులు మొదలుపెట్టారు. ఏడాది పొడుగునా కొండల మీంచి వచ్చి తమ దుకాణాల్లో సరుకులు కొనే జనానికి థాంక్స్ చెప్పాలనుకున్నారు. ఏటా నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగకి ముందు శనివారం, పైక్‌విల్ దగ్గరి షెల్బీలో రైలు బయల్దేరుతుంది. వర్జీనియా కొండల మీదుగా దాదాపు 110 మైళ్లు నడిచి కింగ్స్‌పోర్ట్ చేరుతుంది. దారిలో బొగ్గు ఊళ్ల దగ్గర ఆగుతుంది. వెనక పెట్టె మీద క్రిస్మస్ తాత నిలబడి ఉంటాడు. పట్టాల పక్కన గుమిగూడిన పిల్లలకి మిఠాయిలు, బొమ్మలు, టోపీలు పంచుతారు, విసురుతారు. కోవిడ్ రోజుల్లో మాత్రం రైలు నడవలేదు. పెద్ద గాయని అయ్యాక ప్యాటీ కూడా ఆ రైల్లో క్రిస్మస్ తాత పక్కన నిలబడి బహుమతులు పంచింది.

ఆ రైలు ఎల్క్‌హార్న్ సిటీ మీదుగా వెళుతుంది. అవును, ప్యాటీ పెరిగిన ఊరే. ఆ పట్టాలు ఒకప్పుడు క్లించ్‌ఫీల్డ్ రైల్‌రోడ్‌వి. 1915లో ఎల్క్‌హార్న్ సిటీ దాకా వేశారు. వేసింది ముఖ్యంగా ఆ కొండల్లోని బొగ్గును బయటికి తీసుకుపోవడానికి.

కోల్‌బెల్ట్‌లో పెరిగినవాళ్లకి ఈ ముక్క ఇంకోలా తగులుతుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, యెల్లందు... మా ఊళ్లన్నిటి మధ్యలోంచీ బొగ్గు బండ్లు పోతుంటాయి. చిన్నప్పుడు గేటు దగ్గర నిలబడి వ్యాగన్లు లెక్కపెట్టేవాళ్లం. యాభై దాటాక లెక్క తప్పేది. నిండుగా పోయేవి, ఖాళీగా తిరిగొచ్చేవి. ఏడాదిలో ఒక్కరోజు ఆ ఖాళీ వ్యాగన్లో చాక్లెట్లు వస్తే మేం ఏం చేసేవాళ్లమో ఊహించుకున్నాను. గేటు విరగ్గొట్టేవాళ్లం.

అయితే మనసులో ఒక ముల్లు కూడా గుచ్చుకుంది. 364 రోజులు బొగ్గు మోసుకుపోయి, ఒక్కరోజు బొమ్మలు విసిరితే లెక్క సరిపోతుందా? కదిలే రైలు మీంచి విసిరిన బొమ్మ కోసం పిల్లలు చేతులు చాచే దృశ్యం అందరికీ ముచ్చటగానే కనిపించాలా? ప్యాటీ పాట ఆ ప్రశ్న జోలికి వెళ్లదు. అది పట్టాల పక్కన నిలబడ్డ పిల్లల సంబరం వైపే ఉంటుంది. మొదట్లో నాకది లోపమనిపించింది. నాలుగోసారి విన్నాక ఒకటి అర్థమైంది. ఆ లెక్కలు తెలియక రాసిన మనిషి కాదామె. నాన్న ఊపిరిని బొగ్గుకి ఇచ్చుకున్న ఇల్లు. అయినా ఆ పట్టాల మీంచి వచ్చిన సంతోషాన్ని సంతోషంగానే దాచుకుంది. బాధ ఉంది కాబట్టి సంబరం అబద్ధమైపోదు కదా.

నా యాస ఎక్కడ పోగొట్టుకున్నాను?

మా కాలనీలో డిసెంబరు రాత్రులు క్యారల్స్ తిరిగేవాళ్లం. ట్రాలీ ఆటోకి కాగితపు నక్షత్రం, లోపల బల్బు. ధోలక్ ఒకరు, తాళాలు ఇంకొకరు, మిగతావాళ్లకి చప్పట్లు. క్వార్టర్ క్వార్టర్‌కీ ఆగి పాడటం, చాయ్ తాగడం, కేకు ముక్క నోట్లో పెట్టుకునే ఇంకో క్వార్టర్‌కి పరిగెత్తడం. సెకండ్ షిఫ్ట్ దిగి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు కాసేపు ఆగి గొంతు కలిపేవాళ్లు. వాళ్లలో అందరూ చర్చికి వచ్చేవాళ్లేం కాదు. పాట తెలుసు, అంతే. పైస్థాయి ఎత్తుకోవాల్సి వస్తే అందరూ బాపు వైపు చూసేవాళ్లు.

హైదరాబాద్ వచ్చాక నేనొక క్వైర్‌లో చేరాను. మొదటి రిహార్సల్‌లోనే ఒకాయన మంచిగానే చెప్పాడు, "గొంతు బాగుంది, ఆ యాసొక్కటి సరిచేసుకో" అని. సరిచేసుకున్నాను. ఎంత శ్రద్ధగా సరిచేసుకున్నానంటే, ఇప్పుడు నేను పాడితే ఏ ఊరివాళ్లో ఎవరూ కనిపెట్టలేరు. చాలా రోజులు దాన్ని గెలుపే అనుకున్నాను. ఆ రాత్రి ఒక చెవిలో ప్యాటీ, ఇంకో చెవిలో బాపు పాట తిప్పి తిప్పి విన్నాక మొదటిసారి అనుమానం వచ్చింది. ఆమె నాష్‌విల్‌లో అన్నేళ్లు ఉండి పోగొట్టుకోనిదాన్ని నేను మొదటి రిహార్సల్‌లోనే ఇచ్చేశాను.

ఆల్బమ్ మీద నా ఫిర్యాదు కూడా రాయాలి కదా. అందరూ పాడేసిన పాటలు కొన్ని, వరసగా వింటుంటే ఒకదానిలోంచి ఇంకొకటి జారిపోతాయి. పార్టీలో పెట్టే సరుకు కాదు. మంచు, గంటలు, ఆర్కెస్ట్రా కావాలనుకుంటే వేరే ఆల్బమ్‌లు బోలెడు. ఇది రాత్రి బస్సులో ఊరికి వెళ్లేటప్పుడు, కిటికీ పక్క సీటు దొరికితే వినాల్సింది. 'శాంటా ట్రైన్'తో మొదలుపెట్టండి. ఆ తర్వాత 'అవే ఇన్ ఎ మేంజర్'. 'సైలెంట్ నైట్' చివరికి దాచుకోండి.

యాప్ మళ్లీ తెరిచాను

సరే, వీడియో సంగతి. నిర్ణయం తీసేసుకున్నాను. బాపు పాటని ఉన్నదున్నట్టే పెట్టాలి. యాస, ఊపిరి, దగ్గు, అన్నీ. నిజమైన గొంతంటే అదే కదా అని నాకు నేనే శభాష్ చెప్పుకుని, గ్రూపులో వేసేముందు బాపు ఒక్కడికే పంపాను. పొద్దున్నే ఫోన్.

"బిడ్డా, వీడియో చూసిన. మంచిగ చేసినవు. ఆ దగ్గొక్కటి తీసెయ్యకపోయినవా?"

"ఉండనీ బాపూ. నీ గొంతు ఎట్లున్నదో అట్లనే ఉండాలె. నీ యాస, నీ దగ్గు అన్నీ ఉంటెనే అది నీ పాట."

అవతల కాసేపు మాట లేదు. పెట్టేశాడేమో అని స్క్రీన్ చూసుకున్నాను. లైన్‌లోనే ఉన్నాడు.

"యాస నాదే బిడ్డా. దగ్గు నాది గాదు, బాయిది. నాది ఉంచు. బాయిది తీసెయ్."

అని పెట్టేశాడు, ఎప్పటిలాగే.

నేను అలాగే కూర్చుండిపోయాను. రాత్రంతా ఆల్బమ్ విని, గూగుల్ తిరగేసి నేను కట్టుకున్న సిద్ధాంతం అది. ఆయన నాలుగు ముక్కల్లో సరిచేశాడు. ఆలోచిస్తే ప్యాటీ చేసిందీ అదే. 1992లో డాక్టర్లు గొంతులోని దెబ్బని సరిచేశారు. కెంటకీ అలాగే మిగిలింది. దెబ్బని దాచుకోవాల్సిన పని లేదు. దాన్నే మనిషి గుర్తుగా మోయించాల్సిన పని అంతకంటే లేదు. నేను బాపు దగ్గులో 'నిజాయితీ' వెతుక్కున్నాను. ఆయనకి అది ముప్పయ్యేళ్లుగా ఛాతీలో కూర్చున్న దుమ్ము. పండగ పూట పాటలో దానికి చోటివ్వడం ఆయనకిష్టం లేదు.

యాప్ మళ్లీ తెరిచాను. గొంతుని నున్నగా చేసే బటన్ జోలికి వెళ్లలేదు. దగ్గు మొదలైన చోట ఒక గీత, ఆగిన చోట ఒక గీత పెట్టి మధ్యది కత్తిరించాను. రెండు కొసలూ కలిపితే అతుకు కూడా తెలియలేదు. ఏ మాట దగ్గర ఆగాడో అక్కడే అందుకున్నాడు కదా మరి.

బాపు పాట ఇప్పుడు 1 నిమిషం 46 సెకన్లు. వీడియో గ్రూపులో వేశాను. ఈ క్రిస్మస్‌కి ఇంటికెళుతున్నాను, రాత్రి బస్సు. క్యారల్స్‌లో రెండో గొంతు నాదని బాపుకి ముందే చెప్పేశాను. క్వైర్‌లో నేర్చుకున్నట్టు కాకుండా మా కాలనీలో పాడినట్టే పాడాలి. వస్తుందో రాదో చూడాలి.